రాయపురపు పీడాషట్కము: సటీకా తాత్పర్యము

అవతారిక

పోయిన నెల మా మెట్ల గోడమీద, కరెంటు మీటర్ల పక్కన, ఒక తెల్లకాగితం వెలిసింది. ఇంగ్లీషులో నాలుగు వరుసల అర్జీ, కింద సంతకాలకు గీతలు. రాయపురంలో మన్నార్‌స్వామి కోయిల్ వీధి నుంచి చీలిన సందులో మాది ఆరు వాటాల ఇల్లు. రాసినవాడు కింది వాటావాళ్ల మనవడు, కాలేజీలో రెండో ఏడు చదువుతున్నాడు. "తాతా, తప్పులుంటే దిద్దండి" అని ఎర్రపెన్ను నా చేతిలో పెట్టి పోయాడు.

తప్పులు లేవు. అదే చిక్కు. ముప్ఫై ఏళ్లు జార్జిటౌన్‌లో తెలుగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. కేసులో అరసున్నలు అయిపోయాయని కంపోజిటర్ కేకేస్తే ఏ పద్యంలో ఎన్ని అరసున్నలు తగ్గించుకోవచ్చో లెక్క చెప్పినవాణ్ణి. తప్పుల్లేని కాగితం చేతికిస్తే ఏం చేయను? ప్రతి మాట కిందా అర్థం రాయడం మొదలుపెట్టాను.

ఇది నా జబ్బు మాత్రమే కాదు, ఈ నేల జబ్బు. మాకు ఉత్తరాన ఉన్న తండయారుపేటలోనే 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు అచ్చుకూటం పెట్టారు. ఆయన పేరిటా ఆయన కుమారుల పేరిటా వచ్చిన టీకా తాత్పర్య సహిత ప్రతులు చదివే తెలుగుదేశంలో మూడు తరాలు కావ్యాలు నేర్చుకున్నాయి. అంతకుముందు బ్రౌనుదొర ఇదే మద్రాసులో జూలూరి అప్పయ్యగారి వంటి పండితులకు జీతాలిచ్చి మనుచరిత్రకు వ్యాఖ్య రాయించాడు. వీళ్లందరికీ పెద్దదిక్కు మెదకుసీమ కొలిచెలమవాడైన మల్లినాథసూరి. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన మాటిచ్చాడు. నేను ఆ రెండు మాటలూ ఇవ్వలేను.

మూలము

వుయ్, ది రెసిడెంట్స్ ఆఫ్ దిస్ స్ట్రీట్, ఆర్ ప్లేగ్డ్ బై మస్కిటోస్, డాగ్డ్ బై డాగ్స్, హాంటెడ్ బై పవర్ కట్స్, హ్యారీడ్ బై కంటెయినర్ లారీస్, బిసెట్ బై సీవేజ్, అండ్ పెస్టర్డ్ డే అండ్ నైట్ బై లౌడ్‌స్పీకర్స్. కైండ్లీ డు ది నీడ్‌ఫుల్.

పాఠాంతరము

మూడో పీడ దగ్గర ఎవరో పెన్సిలుతో ఒక అక్షరం కొట్టేసి 'హంటెడ్' అని దిద్దారు. హాంటెడ్ అంటే దయ్యం పట్టడం, హంటెడ్ అంటే వేటాడబడటం. ఇంగ్లీషులో మధ్యనున్న ఒక్క ఏ అక్షరం, మనకైతే ఒక్క దీర్ఘం. కరెంటు పోవడం దయ్యమా వేటగాడా అన్నది మొదటి వాటావాళ్లకూ నాలుగో వాటావాళ్లకూ ఇంకా తేలలేదు. మూలపాఠమే సాధువని నా నిర్ణయం. కారణం ముందు చెబుతాను.

స్థలనిర్దేశము

రాయపురమనగా సెయింట్ పీటర్ పురము. పడవవాళ్లు 1829లో కట్టుకున్న పీటర్ గుడిని బట్టి ఈ పేరు. తమిళంలో పీటర్ను రాయప్పర్ అంటారు. పీటర్ అంటే గ్రీకులో బండ. తెలుగువాడి చెవికి 'రాయి' అని పడుతుంది. ఈ రెండింటికీ చుట్టరికం ఉందో లేదో గాని, టీకాకారుడికి ఇలాంటి చోటు దొరికితే ఆగకుండా ముందుకు పోవడం మహా కష్టం. 1856 జూన్ 28న గవర్నరు హ్యారిస్ ప్రభువు ఇక్కడి స్టేషన్‌ను తెరిచాడు. దక్షిణాదిన మొదటి ప్రయాణికుల రైలు ఇక్కణ్ణుంచే వాలాజా రోడ్డుకు పోయింది. ఆ స్టేషను కట్టడం ఇంకా నిలిచి ఉంది. 1949 సెప్టెంబరులో డీఎంకే పుట్టిన సభ జరిగిన రాబిన్సన్ పార్కూ మాదే. ఇంత చరిత్ర ఉన్న పురంలో మూలకవి దోమలతో మొదలుపెట్టాడంటే దోమల బలం పాఠకులు ఊహించుకోవాలి.

ప్రతిపదార్థము

వుయ్ = మేము. మనము కాదు. ఇంగ్లీషువాడికి ఈ రెంటికీ ఒకటే మాట. అర్జీ అందుకునే అధికారి ఈ సందులో కాపురం ఉండడు గనుక 'మేము' అనే చెప్పుకోవాలి. ఆయన కూడా ఉంటే 'మనము' అయ్యేది, అప్పుడు అర్జీయే అక్కరలేకపోయేది.

ది రెసిడెంట్స్ ఆఫ్ దిస్ స్ట్రీట్ = ఈ వీధి కాపురస్థులము. సుగమము.

ప్లేగ్డ్ = లాటినులో ప్లాగా అంటే దెబ్బ. ఎవడో చెయ్యెత్తి కొట్టిన దెబ్బ. తర్వాత దేవుడు కొట్టిన దెబ్బ అయింది, ఆ తర్వాత రోగం. 1896లో బొంబాయి రేవులో ఎలుకలతో దిగిన ప్లేగు దేశమంతా పాకితే, మరుసటి ఏడాది సర్కారు అంటురోగాల చట్టం తెచ్చింది. 2020లో కరోనాకూ ఆ 1897 చట్టాన్నే బయటికి తీశారు. ఆ మే నెలలో చెన్నై మొత్తంమీద కేసుల్లో మా రాయపురం జోన్‌దే మొదటి వరుస. సందు మొగలో రేకులు అడ్డంకొట్టి కట్టేశారు. అప్పుడు మా మీద ప్లేగ్డ్ అనే మాట నిజంగా వాడదగ్గది, కాని అర్జీ రాసే తీరిక ఎవరికీ లేదు.

వాడుక విషయానికి వస్తే, ఒక్కసారి వచ్చిపోయేదానికి ఈ మాట చెల్లదు. తగ్గినట్టు తగ్గి మళ్లీ రావాలి. మోకాలి నొప్పితో సగం మ్యాచ్‌లు ఆడలేని ఫాస్ట్‌బౌలర్ను ఇంజురీలతో ప్లేగ్డ్ అని పేపర్లు రాస్తాయి. కాలు విరిగి ఒకేసారి ఇంట్లో కూర్చున్నవాణ్ణి అనవు. ఆ లెక్కన దోమలకు ఈ మాట నప్పింది. మా దోమ పొగ కొట్టిన రోజు ఎదురిల్లు చేరుతుంది, మర్నాడు సంధ్యవేళకు పెళ్లివారితో తిరిగివస్తుంది.

తెలుగులోనూ రోగాన్ని మాటగా వాడుకున్నాం, కాని తిట్టుగా. తెలంగాణలో కలరాను గత్తర అన్నారు. గత్తర లేపడమంటే గోల పుట్టించడం. నీకు గత్తర రాను అంటే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషువాడు రోగాన్ని తన మీద చెప్పుకుంటాడు, మనం ఎదుటివాడి మీదికి తోలతాం.

డాగ్డ్ బై డాగ్స్ = ఇక్కడ పునరుక్తి దోషమని పూర్వపక్షం. కాదు, ఇది యమకం. మొదటి డాగ్ కుక్క కాదు. డాగ్డ్ అంటే వాసన పట్టుకొని, చప్పుడు లేకుండా, కొంచెం ఎడంగా నడుస్తూ వదలకపోవడం. అపవాదు, దురదృష్టం, పాత బాకీ ఇలా వెంట నడుస్తాయి. నిజం కుక్కలు ఈ పని చేయవు. మా సందులో ఉన్నవి ఏడు. పగలు ఆటో కింద నిద్రపోతాయి. రాత్రి పదకొండు తర్వాత డెలివరీ కుర్రాడి బండి కనిపిస్తే అరుచుకుంటూ చివరిదాకా తరిమి, పెద్ద ఉద్యోగం చేసి వచ్చినట్టు తోకలూపుకుంటూ వస్తాయి. దీనికి సరైన మాట ఛేజ్డ్. మూలకవి ఫోనులో పర్యాయపదాల పట్టిక తెరిచి మాటలు ఏరాడనడానికి ఇదే సాక్ష్యం.

ఒక సొగసు చెప్పాలి. ఇదే అక్షరాలను ఒక గుక్కలో డాగ్డ్ అని పలికితే బాధితుడు. రెండుగా విరిచి డాగిడ్ అంటే పట్టువదలనివాడు, పొగడ్త. 1947 జూలైలో మద్రాసులో పుట్టిన చందమామను చదివి పెరిగినవాళ్లకు ఇది ఇట్టే తెలుస్తుంది. చెట్టుమీంచి శవాన్ని దించి భుజాన వేసుకొని మళ్లీ మళ్లీ నడిచే విక్రమార్కుడు డాగిడ్. భుజానెక్కి కథ చెప్పి, జవాబు రాగానే మాయమై, మళ్లీ చెట్టెక్కే బేతాళుడున్నాడే, అతని వల్ల రాజు పడేది కింద చెప్పబోయే హాంటెడ్.

హౌండెడ్ అని ఇంకో కుక్కమాట ఉంది. మూలంలో లేదు, అయినా చెబుతాను. హౌండ్ వేటకుక్క, దానికి వెనకాల యజమాని ఉంటాడు. కాబట్టి మనుషులు, మీడియా, అప్పులవాళ్లు వెంటపడితేనే హౌండెడ్. హరాస్ అనే ఫ్రెంచి మాట కూడా కుక్కను పురికొల్పే కేక నుంచి వచ్చిందని నిఘంటుకారుల ఊహ. మనకు ఉసిగొల్పడం ఉంది. 'ఉస్కో' అన్నవాడి నోరు ఆ మాటలో ఇంకా వినిపిస్తుంది. కుక్కను అనకుండా, అన్నవాణ్ణి పట్టుకునే మాట అది.

హాంటెడ్ = ఫ్రెంచిలో ఆంతే అంటే తరచుగా వచ్చిపోవడం, అంతే. దయ్యాలు తర్వాత చేరాయి. ఇప్పటికీ ఎవరైనా రోజూ కూర్చునే టీకొట్టును వాళ్ల హాంట్ అంటారు, మనవాళ్లు అడ్డా అన్నట్టు. పోయి రావడం, వచ్చి పోవడం, ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం, చీకట్లో రావడం: మా ఇంటి కరెంటు కోతకు ఈ లక్షణాలన్నీ ఉన్నాయి. అర్జీ మొత్తంమీద ఇంత అచ్చంగా అతికిన మాట మరొకటి లేదు. అందుకే పెన్సిలు పాఠాన్ని తోసిపుచ్చాను. వేటగాడు ఒకసారి చంపి పోతాడు.

హ్యారీడ్ = స్టేషను తెరిచిన హ్యారిస్ ప్రభువు వల్ల ఈ మాట పుట్టిందని కింది వాటా మనవడు నమ్ముతున్నాడు. తప్పు, కాని ముచ్చటైన తప్పు. పాత ఇంగ్లీషులో సైన్యం ఊళ్ల మీద పడి దోచుకోవడానికి ఈ మాట. పడుతూ, లేస్తూ, మళ్లీ పడుతూ చేసే దాడి.

ఈ మాటకు మా తీరంలోనే లక్ష్యం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు ముందు ఆగి గుళ్లు కురిపించింది. హార్బరు దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు అంటుకున్నాయి. జనం మూటలు కట్టుకొని ఊరొదిలి పరుగెత్తారు. అంతకుముందూ ఆ తర్వాతా బంగాళాఖాతంలో సరుకు ఓడలను పట్టుకుంటూ, ముంచుతూ తిరిగిన ఆ ఓడ చేసింది అక్షరాలా హ్యారీయింగ్. నవంబరులో కోకోస్ దీవుల దగ్గర దాని ఆట కట్టింది. కాని మద్రాసు తమిళంలో దాని పేరు మునగలేదు. ఇంట్లో అందరినీ గడగడలాడించే తండ్రిని, పట్టిన పట్టు విడవని గడుసువాణ్ణి ఇప్పటికీ ఎమ్డన్ అంటారు. నా చిన్నప్పుడు మా లెక్కల మాస్టరు ఎమ్డన్. అది ఓడ పేరని నాకు నలభయ్యో ఏట తెలిసింది. బాధించేవాడి పేరే బాధకు పేరు కావడమంటే ఇదీ. దీన్ని నిఘంటువులకు ఎక్కించినవాళ్లు తెల్లవాళ్లు కారు, మేం.

ఇక లారీలు. రేవులోకి పోవడానికి ఎన్నూరు రోడ్డు పొడవునా కంటెయినర్ ట్రెయిలర్లు వరసకట్టి నిలబడటం ఉత్తర మద్రాసు వాళ్లకు ఏళ్ల తరబడి తెలిసిన దృశ్యం. సైన్యమే, కాని నిలబడిపోయిన సైన్యం. డ్రైవరు దిగి, చక్రం నీడలో స్టవ్వు పెట్టుకొని టమాటా చారు కాచుకుంటూ ఉంటాడు. చారులో తాలింపు వేసిన చప్పుడు బస్సులో కూర్చున్న మాకు వినిపిస్తుంది. అతణ్ణి చూస్తే హ్యారీడ్ అతనే అనిపిస్తుంది, మేం కాదు.

బిసెట్ = చుట్టూ కమ్ముకొని. కోటను ముట్టడించినట్టు. మురుగునీళ్లకు చెల్లుతుంది. వానాకాలంలో గడప నాలుగు వైపులా ఉంటాయి గనుక. కాని ఇక్కడ కవికి అంతకంటే మంచి మాట చేజారింది. ట్రబుల్ అనే మాట లాటినులో కలకబారిన నీళ్లను చెప్పే మాట నుంచి వచ్చింది. తేట నీటిని కలియబెట్టి బురద చేయడమే ట్రబుల్. పొద్దున్న ఆరింటికి మా కుళాయి కింద స్టీలు బిందె పెట్టి చూడండి. మొదటి చెంబు టీ రంగు, రెండోది గంజి రంగు, మూడోదానికి వాసన తగ్గుతుంది. దానికి ట్రబుల్ అని రాసి ఉంటే శబ్దమూ అర్థమూ పార్వతీపరమేశ్వరుల్లా ఉండేవి.

పెస్టర్డ్ = దోమను, పురుగును చెప్పే పెస్ట్ నుంచి వచ్చిందనుకుంటారు. కాదు. ఫ్రెంచిలో మేతకు వదిలిన గుర్రం దూరం పోకుండా కాళ్లకు బందం వేయడం. పెస్ట్ తర్వాత వచ్చి ఈ మాట నెత్తినెక్కింది. మనం 'ముందరికాళ్లకు బంధం' అంటామే, ముమ్మూర్తులా అదే. ఇప్పటి వాడుకలో చిన్నచిన్న కోరికలతో మాటిమాటికీ అడ్డుపడటం: పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం, ఫోనులో లోను కావాలా అంటూ. లౌడ్‌స్పీకరు అడగదు. అడిగితే కాదనేవాళ్లం. కనుక ఈ ప్రయోగం దుష్టం.

అడిగి అడిగి పని చేయించుకోవడానికి బ్యాడ్జర్ అనే మాట ఉంది. బ్యాడ్జర్ బొరియలో ఉండే జంతువు. దాన్ని బయటికి లాగి, కుక్కల్ని వదిలి, కరిపించి చూడటం ఇంగ్లాండులో ఒకప్పుడు వినోదం. 1835లో చట్టం చేసి మాన్పించారు. ఇందులోని వింత చూడండి. కరిపించుకున్నది బ్యాడ్జరు, వేధించేవాడి పనికి దాని పేరు! రాయపురం స్టేషన్‌ను నగరానికి మూడో టెర్మినల్ చేయమని ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. ఆ కుర్చీ తాంబరానికి దక్కింది. ఇంగ్లీషు లెక్కన మేం వాళ్లను బ్యాడ్జర్ చేస్తున్నాం. బొరియలో ఉన్నది ఎవరో కూడా చూడాలి.

డే అండ్ నైట్ = రేయింబవళ్లు. మన వరుసలో రేయి ముందు, వాళ్ల వరుసలో పగలు. మైకుకు రెండూ ఒకటే.

బై = చేత. ఈ ఒక్క మాట ఆరుసార్లు వచ్చింది. బడుల్లో దీన్ని విభక్తి అని చెప్పి దాటేస్తారు. అర్జీకి ప్రాణం ఇక్కడే ఉంది గనుక నేను దాటను.

పైన చెప్పిన మాటలను మళ్లీ ఒకసారి చూడండి. ప్లేగు దెబ్బ, కొట్టిన చెయ్యి ఉండాలి. హౌండ్ వేటకుక్క, వదిలిన దొర ఉండాలి. హ్యారీకి సైన్యం, సేనాని. పెస్టర్‌కు గుర్రం కాళ్లకు బందం వేసినవాడు. బ్యాడ్జర్‌కు బొరియ తవ్వి కుక్కల్ని తెచ్చినవాళ్లు, చుట్టూ నిలబడి పందేలు కాసినవాళ్లు. పుట్టినప్పుడు వీటిలో చాలావాటి వెనక ఒక మనిషి ఉన్నాడు. వాడగా వాడగా ఆ మనిషి రాలిపోయాడు. ఇప్పుడు బై తర్వాత వచ్చేవి దోమలు, కోతలు, లారీలు, మురుగు. కాలవ మీద మూత ఎత్తి మళ్లీ వేయనివాడు బై తర్వాత రాడు. వ్యాకరణం వద్దనలేదు, ఆ చోటు దోమ కూర్చుని నిండిపోయింది.

తెలుగులో ఈ చేత వాక్యం నిలవదని మన వైయాకరణులు ఏనాడో చెప్పారు. దోమలచేత పీడింపబడుచున్నాము అంటే మా వీధిలో ఎవరికీ కుట్టినట్టుండదు. అందుకని మూలార్థం చెడకుండా తాత్పర్యం రాయలేక, పేపరు పట్టుకొని పై వాటా అక్కయ్యగారి దగ్గరికి పోయాను.

తాత్పర్యము

అక్కయ్యగారికి ఎనభై దాటాయి. పుట్టింది, పెళ్లాడింది, పెరిగింది అంతా ఈ సందుకు నాలుగు వీధుల లోపలే. చేతిలో కీరైకట్ట ఆకు తుంచుతూ విన్నది. "ఏంది తమ్ముడూ, ఇంత సుత్తి? దోమలు పీక్కు తింటా ఉండాయి. కుక్కలు పైకొస్తా ఉండాయి. కరెంటు ఉసురు తీస్తా ఉంది. లారీలోళ్లు కాల్చుకు తింటా ఉండారు. సాక్కడ నీళ్లు ఇల్లు మింగతా ఉండాయి. మైకులు చెవులు తినేస్తా ఉండాయి. ఇంతే కదా? దీనికి ఇంగ్లీషు ఎందుకు?"

తాత్పర్యం ఇంతే.

విశేషాంశములు

అక్కయ్యగారి ఆరు వాక్యాల్లో మూడు తినడాలు, ఒక మింగడం. ఇది ఆమె ఆకలి కాదు, భాష ఆకలి. పీక్కు తినడం, వేపుకు తినడం, కాల్చుకు తినడం, చంపుకు తినడం, నంజుకు తినడం, బుర్ర తినడం, తల తినడం. వంటింట్లో ఎన్ని పద్ధతులున్నాయో బాధకూ అన్ని ఉన్నాయి. ఉడకబెట్టుకు తినడం మాత్రం లేదు. ఎందుకో నాకు అంతుపట్టలేదు. పత్యం తిండి మనవాళ్లకు బాధగా తోచదేమో. రాచి రంపాన పెట్టడం, ప్రాణం తోడెయ్యడం వంటివి వంటింటి బయటివి, తర్వాత చేరినవి. సంస్కృతం నుంచి వచ్చిన పీడ నొక్కడం, వేధ గుచ్చడం. ఉర్దూ నుంచి వచ్చిన సతాయించడం ఇంట్లో చిన్నపిల్లల పాలబడింది.

ఇంగ్లీషు బాధ వెంటాడుతుంది, మన బాధ భోజనానికి కూర్చుంటుంది. తినేవాడు లేనిదే తినడం లేదు గనుక మన వాక్యంలో కర్త నిలబడ్డాడని మొదట నేను మురిసిపోయాను. రెండు రోజులు మురిశాక తెలిసింది, నిలబడ్డది మళ్లీ దోమే. అక్కయ్యగారి ఆరు పీడల్లో మనుషులుగా కనిపించింది ఒక్క లారీలవాళ్లే. వాళ్లూ చారు కాచుకునే జీతగాళ్లే.

మద్రాసు తెలుగులో ఇంకో చిక్కు ఉంది. తమిళంలో తొందరవు అంటే ఇబ్బంది, కన్నడంలో తొందరె అన్నా అంతే. మాకు తొందర అంటే కోస్తావాళ్లకు మల్లే వేగిరపాటు మాత్రమే కాదు, ఇబ్బంది కూడా. ఓసారి మా బెజవాడ బావ సెంట్రల్‌లో దిగి ఆటో ఎక్కి, "తొందరగా, తొందరగా" అంటూ వచ్చాడు. స్టాన్లీ ఆస్పత్రి దాటాక ఆటోవాడు బండి ఆపి వెనక్కి తిరిగి, "ఏం సార్, నేనేం తొందరవు ఇచ్చాను మీకు?" అని తమిళంలో తగువు పెట్టుకున్నాడు. బావకు అర్థం కాలేదు. "తొందరే, తొందరే" అన్నాడు మరింత గట్టిగా. పది రూపాయలు ఎక్కువ ఇచ్చాక గాని సద్దుమణగలేదు.

కుర్రకారుకు వీటన్నిటికీ ఒకటే మాట: టార్చర్. మెలితిప్పడమని దాని మూలార్థం. పరీక్షా టార్చరే, కొత్త పాటా టార్చరే. తమిళంలో దీనికి జంట ఇమ్సై, మన హింసే. 2006లో వడివేలు ఇమ్సై అరసన్ 23ఆమ్ పులికేసి అనే సినిమాలో రాజుగా వచ్చాడు. తెలుగులో హింసించే 23వ రాజు పులికేశి అన్నారు. గాంధీగారి అహింసలోని హింసా, పక్కింటి మిక్సీ హింసా ఒకటే మాటలో సర్దుకున్నాయి.

నవ్వులాటగా ఉన్న మాట ఒక్కోసారి నవ్వులాట కాకుండా పోతుంది. ఆడపిల్లల వెంటపడి ఏడిపించడానికి మన దేశపు ఇంగ్లీషు ఈవ్ టీజింగ్ అని పేరు పెట్టింది. టీజ్ అంటే మొదట ఉన్నిని దువ్వడం. మెత్తని మాట, మెత్తని పని. 1998లో ఈ నగరంలో ఒక విద్యార్థిని ప్రాణం పోయాక తమిళనాడు ఆ పేరుతోనే చట్టం తెచ్చింది. తర్వాత సవరించి ఆ మాట తీసేసి హరాస్‌మెంట్ అని పెట్టింది. ఉన్ని దువ్వడం పోయి కుక్కను ఉసిగొల్పడం వచ్చింది. ఒక్క మాట మార్చినందుకు శాసనసభకు ఇన్నేళ్ల తర్వాత ఒక ప్రూఫ్‌రీడరు దండం పెడుతున్నాడు.

అలంకారము: మాలాదీపకమని కొందరు. ఛందస్సు: లేదు, ఊపిరి ఉంది. రసము: కరుణ అని కవి ఉద్దేశం, హాస్యమని సహృదయుల అనుభవం.

ఫలశ్రుతి

కైండ్లీ డు ది నీడ్‌ఫుల్ = దయతో అవసరమైనది చేయుడు. తెల్లవాళ్లు ఒకప్పుడు తమ ఉత్తరాల్లో రాసుకొని, పోతూ పోతూ ఇక్కడ వదిలేసిన మాట. ఇప్పుడు వాళ్లు విని నవ్వుతారు. ఇందులోని రహస్యం నీడ్‌ఫుల్ అనే పదంలో ఉంది. ఏది అవసరమో చెప్పరు. ఎవరు చేయాలో చెప్పరు. కర్తను అధ్యాహారం చేసుకోవాలని టీకాకారులు అంటారు, అంటే వాక్యంలో లేనివాణ్ణి మనమే తెచ్చి పెట్టుకోవాలి. ఆ కర్తను తేవడానికే కదా అర్జీ రాసింది!

ఇదంతా మనవడికి చెప్పి, "దోమల సంగతి వదిలి, మూడో ఇంటి ముందు మ్యాన్‌హోల్‌కు మూత లేదని ఒక్క ముక్క రాయరా" అన్నాను. "అది మరీ ప్లెయిన్‌గా ఉంటుంది తాతా" అన్నాడు. వాడి అర్జీ వాడే పంపాడు. పందొమ్మిది సంతకాలు, అక్కయ్యగారిది తెలుగులో.

అనుబంధము

మూడు వారాలకు జవాబు వచ్చింది. మనవడు ఫోను చూపించాడు. కొత్త మూలం దొరికింది గనుక కుదురుగా కూర్చున్నాను.

ది మ్యాటర్ ఈజ్ బీయింగ్ లుక్డ్ ఇంటూ.

ది మ్యాటర్ = ఆ విషయము. ఆరు విషయాలు ఏకవచనంలోకి సర్దుకున్నాయి. ఈజ్ బీయింగ్ = అగుచున్నది, వర్తమానకాలము, ముగియనిది. లుక్డ్ = చూడబడుచున్నది. ఇక్కడ బై కూడా లేదు. మూలకవి దోమనైనా చూపించాడు, ఈ కవి ఆ మాత్రం కూడా మిగల్చలేదు. ఇంటూ = లోనికి. దేని లోనికి అని శంక. మ్యాటర్ లోనికే అని సమాధానం.

ఇంతవరకు రాసి పెన్ను పెట్టేసరికి కింద నుంచి చప్పుడు వినిపించింది. పిట్టగోడ మీంచి చూశాను. మూడో ఇంటి ముందు ఎవరో వేపకొమ్మ విరిచి మ్యాన్‌హోల్లో గుచ్చి, దానికి ఎర్రటి ప్లాస్టిక్ సంచి కట్టారు. డెలివరీ కుర్రాడు బండి ఆపి, ఒక కాలు నేలకానించి, లోపలికి తొంగి చూస్తున్నాడు. ఏడు కుక్కలూ వాడి చుట్టూ చేరి అరవకుండా వాడితోపాటు లోనికే చూస్తున్నాయి.